పొదిలిలో దిగిన గాలి

మార్కాపురం బస్టాండు ఎదురుగా జిరాక్సు దుకాణం పైన ఒక ఇరుకు గది ఉంది. ఆ గదిలో కూర్చుని ఎబినేజర్ ఇంకా కట్టని భవనాల్లో ఎండాకాలం ఎలా ఉంటుందో చూస్తుంటాడు.

ఊళ్ళోవాళ్ళకి అతను ఇళ్ళ ప్లాన్లు గీసే మనిషి. ప్లాన్లు గీసేవాళ్ళు వీధికొకరున్నారు. అతను చేసే రెండో పని మాత్రం ఈ చుట్టుపక్కల ఇంకెవరూ చేయరు. కట్టబోయే భవనాన్ని ముందుగా కంప్యూటరులో కడతాడు. దానిమీద ఒక ఏడాది ఎండనీ గాలినీ ఉక్కపోతనీ కుమ్మరిస్తాడు. లోపల ఏ పూట ఎంత వేడెక్కుతుందో, ఫ్యాన్లకీ ఏసీలకీ ఎంత కరెంటు అవుతుందో లెక్క తీసి చెబుతాడు. హైదరాబాదులో, బెంగళూరులో లేచే పెద్ద ఆఫీసులకి ఈ లెక్కలు కావాలి. వాళ్ళు ఫైళ్ళు పంపిస్తారు, ఇతను ఈ గదిలోంచి జవాబులు పంపిస్తాడు.

అతనిది యర్రగొండపాలెం దారిలో, రోడ్డుకి లోపలగా ఉన్న చిన్న పల్లె. నాయన విశ్వాసం, తల్లి పుష్పమ్మ ఇద్దరూ కూలికి పోయినవాళ్ళే. మిరప కోతలు, పత్తి తీతలు, అవీ లేనినాడు కరువు పని. కొడుకు పాలిటెక్నిక్‌లో సివిల్ చదివాడు. హైదరాబాదులో ఒక కన్సల్టెన్సీలో గీతలు గీయడానికి చేరి, పక్క బల్లవాళ్ళు చేస్తున్న ఈ ఎండల లెక్క మీద మోజుపడి నేర్చుకున్నాడు. కరోనా ఏడాది అందరితోపాటే ఇంటికొచ్చాడు. అందరూ తిరిగి వెళ్ళారు. అప్పటికి నాయన పోయాడు. పని తన దగ్గరికే వస్తున్నప్పుడు తాను పనికోసం పోవడం ఎందుకని ఎబినేజర్ ఉండిపోయాడు. పొద్దున పల్లె నుంచి బండి మీద రావడం, సాయంత్రం పోవడం.

మెట్ల కింద టీ కొట్టు ఉంది. మేస్త్రీ మస్తానయ్య పొద్దున్నే అక్కడుంటాడు. యాభై దాటిన మనిషి, పెద్ద గొంతు. ఊళ్ళో కొత్తగా లేచిన ఇళ్ళల్లో చాలావాటి గోడలు ఆయన చేతి మీదుగా వచ్చినవే. ఎబినేజర్‌కీ ఆయనకీ ఏ చుట్టరికమూ లేదు, మతం కూడా ఒకటి కాదు. కానీ మొదటిరోజు ఆయన "అల్లుడా" అన్నాడు, ఇతను "మామా" అన్నాడు. ఈ ప్రాంతంలో వరస కలవడానికి అంతకంటే ఏమీ అక్కర్లేదు.

"అల్లుడా, ముందర రాబోయే ఎండ నీకు ఇప్పుడే ఎట్ల తెలుస్తది? పంచాంగమేమైనా చూస్తావా?" అని అడిగాడొకసారి.

"రాబోయే ఎండ కాదు మామా, మామూలు ఎండ. పాతికేళ్ళ లెక్కలుంటాయి. జనవరులన్నీ పక్కపక్కన పెట్టి, అందులో మరీ ఎక్కువా మరీ తక్కువా కాకుండా నడిమధ్యన ఉన్న జనవరిని తీసుకుంటారు. ఫిబ్రవరి ఇంకో ఏడు నుంచి తెస్తారు. అట్ల పన్నెండు నెలలూ ఏరి అతికిస్తారు. మా అమ్మ పాతచీరెలు ఏరి బొంత కుట్టినట్టు. అదొక మామూలు ఏడాది."

"మామూలంటే ఆఫీసుల్లో అడిగేదే అనుకున్నా. ఏడాదిక్కూడా ఉంటదా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మస్తానయ్య తాగిన గ్లాసు కింద పెడుతూ, "మన తట్టు మామూలు ఏడాది ఎప్పుడొచ్చిందిరా? వస్తే కరువు, లేకపోతే తుపాను" అన్నాడు.

ఎబినేజర్ కూడా నవ్వాడు. ఆ మాటలో కొంత నిజముందని అతనికి తెలుసు. కానీ మామూలు ఏడాది అన్నది ఒకటి ఉంటేనే ఏ లెక్కయినా సాగుతుంది. అతను ఆరేళ్ళుగా దాన్ని నమ్ముకునే బతుకుతున్నాడు.

తన పల్లె పక్కనే పని తగిలింది ఆ తర్వాతే. ఒక ట్రస్టువాళ్ళు రోడ్డు మీద కుట్టు కేంద్రం కడదామనుకున్నారు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే పని. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళకీ, నల్లమల అంచున ఉన్న గూడేలవాళ్ళకీ ఏడాది పొడుగునా నీడపట్టున పని దొరుకుతుంది. శంకుస్థాపన నాడు కట్టిన ఫ్లెక్సీలో భవనం బొమ్మ ధగధగలాడుతోంది. స్లాబు మీద వేడిని ఆపే పొర, దానిమీద తెల్ల టైల్స్. ఆడవాళ్ళంతా ఆ బొమ్మ చూసి, "మనకి టైల్స్ నెత్తిమీదంట" అని చెప్పుకున్నారు. ఖర్చు చేయి దాటుతుండటంతో, ఆ పొర లేకుండా సరిపోతుందేమో చూసి చెప్పమని ట్రస్టువాళ్ళు ఎబినేజర్‌ని అడిగారు.

ఎక్కడెక్కడి అద్దాల మేడలకో లెక్కలు చేసినవాడు, తన తల్లి పనిచేయబోయే గదికి మొదటిసారి చేస్తున్నాడు. పని చాలా శ్రద్ధగా మొదలుపెట్టాడు. గోడ మందం, కిటికీ కొలత, ఎన్ని మిషన్లు, ఎంతమంది మనుషులు, ఏదీ వదలలేదు.

వాతావరణం ఫైలు ఎంచుకునే దగ్గర మార్కాపురం పేరు లేదు. ఉండదని అతనికి తెలుసు. ఏ ఊళ్ళో ఏళ్ళ తరబడి ఎండా వానా కొలిచి పెట్టారో ఆ ఊళ్ళ పేర్లే ఉంటాయి. ఒంగోలు ఉంది. కర్నూలు ఉంది. ఒంగోలు మీద నొక్కాడు.

నొక్కేముందు ఆలోచించాడా అంటే, లేదు. బడిలో చేరిన నాటి నుంచి ఊరి పేరు తర్వాత ప్రకాశం జిల్లా అని రాసిన చెయ్యి అది. కుల సర్టిఫికెట్‌కి కొర్రీ పడితే ఒంగోలు పోవాలి. ఉద్యోగం పరీక్షకి ఒంగోలు. నాయనకి గుండెనొప్పి వస్తే అంబులెన్సు పోయింది ఒంగోలుకే. మంచయినా చెడయినా పొదిలి మీదుగా అటు పోవడమే వాళ్ళకి తెలిసిన దారి. దూరం చూసుకున్నా ఒంగోలే దగ్గర, కర్నూలు ఎక్కడో నల్లమల అవతల. ఒకప్పుడు ఈ తాలూకాలన్నీ కర్నూలు జిల్లావేనని అతని జేజి, నాయన తల్లి, చెబుతుండేది. ఆ సంగతి ఆమెతోపాటే పోయింది.

ఒంగోలు ఎండ తక్కువదేం కాదు. కానీ అక్కడ మధ్యాహ్నం దాటాక సముద్రం మీద నుంచి గాలి మళ్ళుతుంది. కంప్యూటరులో ఆ గాలి వచ్చి కుట్టు కేంద్రాన్ని ఆదుకుంది. తూర్పు గోడ నిండా కిటికీలు పెడితే చాలు, స్లాబు మీద పొరా టైల్సూ అక్కర్లేదని తేలింది. రిపోర్టు అందంగా వచ్చింది. తూర్పు కిటికీల్లోంచి నీలం బాణాలు లోపలికి వస్తుంటాయి. ట్రస్టువాళ్ళు సంతోషించారు. టైల్స్ తీసేశారు. ఆ సంగతి కుట్టుపనివాళ్ళకి ఎవరూ చెప్పలేదు. చెప్పాలని ఎవరికీ తోచలేదు.

మస్తానయ్య కట్టాడు. చలికాలంలో తలుపులు తెరిచారు. ఒకపక్క ప్రార్థన చేశారు, ఇంకోపక్క కొబ్బరికాయ కొట్టారు. పుష్పమ్మకి గుండీలు కుట్టే పని వచ్చింది. మొదటిరోజే అందర్నీ కిటికీల దగ్గరికి పిలిచి చూపించింది.

"మా వాడు ముందుగాల్నే చూసినాడు. ఎండాకాలం మజ్జానం పైన గాలి ఇట్ల వచ్చి ఇట్ల పోతది. ఈ కిటికీలు ఎవురూ మూయబాకండి."

ఏప్రిల్ వచ్చింది. కేంద్రంలో పొద్దున పూట పని సాగేది. మధ్యాహ్నానికి స్లాబు కాలిన పెనంలా అయ్యేది. తెరిచిన కిటికీల్లోంచి వడగాడ్పు సుడి తిరిగి లోపలికొచ్చేది. ఎవరైనా లేచి రెక్క వేయబోతే పుష్పమ్మ ఊరుకునేది కాదు. "ఇంకాసేపు చూడండే. వాడు చెప్పినాడు గదా." వాళ్ళు ఆమె మొహం చూసి కూర్చునేవాళ్ళు. కొందరు మిషన్లు వదిలేసి, చేతికుట్టు బట్టలు పట్టుకుని బయట వేపచెట్టు కిందికి పోయేవాళ్ళు.

ఎబినేజర్‌కి ఇవేవీ తెలియవు. సాయంత్రం అడిగితే తల్లి, "బాగానే ఉంది నాయనా. ఈ ఏడు ఎండలు అట్లున్నాయి గాని, షెడ్డు బాగానే ఉంది" అనేది. ఆమె మెడ చుట్టూ చెమటకాయలు ఎర్రగా పొక్కి ఉండటం చూశాడు. పౌడరు డబ్బా తెచ్చిచ్చాడు.

ఒకరోజు అన్నం తింటుండగా ఆమే అంది. "స్లాబు మీద వెయ్యాల్సిన టైల్స్ మస్తాను అమ్ముకున్నాడంట. అందుకే ఇంత కాక అంటున్నారు. సిమెంటు కూడా తిన్నాడంట."

ఎబినేజర్ చేతిలో ముద్ద ఆగింది. "టైల్స్ మొదట్లోనే వద్దనుకున్నారు మా."

"అట్లనా? మరి రేపు పోయి అందరికీ చెప్పేదా?"

"ఎందుకులే. మాటలు పెరుగుతాయి."

ఆమె సరేనని మజ్జిగ పోసింది.

వారం తిరక్కముందే కళ్యాణి మేడమ్ ఫోను చేసింది. కేంద్రం చూసుకోవడానికి ట్రస్టు పంపిన మనిషి, కట్టుబడి అయిపోయాక వచ్చింది. మాట సూటిగా ఉంటుంది.

"మీ రిపోర్టు చదివాను. దాని ప్రకారం లోపల ఇంత వేడి ఉండకూడదు. అంటే తప్పు కట్టుబడిలో ఉందన్నమాట. మీరొచ్చి చూసి, మేస్త్రీ పని ఎక్కడ చెడిందో రాసివ్వండి. గిద్దలూరులో హాస్టలు కూడా ఆయనకే ఇద్దామనుకున్నారు. నేను ఆపించాను. మీ కాగితం వస్తే ఆయన్ని పూర్తిగా తప్పిస్తాం. లెక్కల పని మాత్రం మీకే."

ఎండ బాగా ముదిరిన ఒక మధ్యాహ్నం ఎబినేజర్ వెళ్ళాడు. గుమ్మంలో అడుగు పెట్టగానే మొహానికి ఆవిరి కొట్టింది. ఆడవాళ్ళు కొంగులు తడిపి నెత్తిన వేసుకుని కుడుతున్నారు. తూర్పు కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. వాటి పక్కనే పుష్పమ్మ, ఒడినిండా చొక్కాలు. కొడుకుని చూసి నవ్వింది.

వెంకటసుబ్బులమ్మ మిషను ఆపింది. కేంద్రంలో అందరికంటే నోరున్న మనిషి. "రా నాయనా. మీ అమ్మ నీ గాలి వచ్చుద్ది వచ్చుద్దని మా ప్రాణాలు తీస్తావుంది. ఎప్పుడొచ్చుద్ది?"

"మధ్యాహ్నం దాటినాక మళ్ళుద్ది అక్కా."

"దాటింది గదా. ఏ తట్టు నుంచి రావాల?"

ఎబినేజర్ కిటికీ వైపు చెయ్యి చాచాడు. "ఇట్ల తూర్పు నుంచి. ఒంగోలు తట్టు నుంచి."

"ఒంగోలు నుంచా?" వెంకటసుబ్బులమ్మ దవడ మీద చెయ్యి వేసుకుంది. "అయితే బస్సుకి వస్తా ఉందేమో. పొదిలిలో టీకి దిగుంటదిలే!"

గది మొత్తం పగలబడి నవ్వింది. మిషన్లు ఆగిపోయాయి. పుష్పమ్మ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. చాచిన చెయ్యి ఎబినేజర్ వెంటనే దించలేదు. ఒంగోలు తట్టు నుంచి అన్న తన మాట తనకే రెండోసారి వినబడింది. పుట్టి బుద్ధెరిగాక ఈ నేల మీద ఒక్క ఎండాకాలం కూడా అతను సముద్రపు గాలి ఎరగడు. మేలో ఇక్కడ గాలి పడమర నుంచి వస్తుంది, కొండల మీదుగా, పొయ్యిలోంచి వచ్చినట్టు. చిన్నప్పుడు నాయన గుడిసెకి పడమటి వైపు తాటాకు తడిక కట్టి నీళ్ళు చల్లేవాడు. ఆ తడిక తడిపే పని తనదే.

"గోడలు చూస్తారా?" అంది కళ్యాణి మేడమ్.

చూశాడు. చూస్తున్నట్టు నటించాడు. గోడలు సాఫుగా ఉన్నాయి. మూలమట్టం తప్పలేదు. రెండు రోజుల్లో రాసి పంపిస్తానని చెప్పి బయటపడ్డాడు.

గదికి వచ్చి కర్నూలు ఫైలు పెట్టి మళ్ళీ నడిపాడు. కర్నూలు కూడా మార్కాపురం కాదు. కానీ ఎండ తీరు అదే, పొడిగాలి అదే, సముద్రం లేకపోవడం అదే. తెర మీద నీలం బాణాలు మాయమయ్యాయి. స్లాబు పొద్దుగూకే దాకా వేడి తాగి, తర్వాత కిందికి కక్కుతోంది. కిటికీలు తెరిచినకొద్దీ లోపల ఇంకా కాగుతోంది. కొంగులు తడుపుకున్న ఆడవాళ్ళు అతని కళ్ళకి ఆ రంగుల బొమ్మలోనే కనబడ్డారు.

మేడమ్‌కి ఉత్తరం కొట్టడానికి కూర్చున్నాడు. "వాతావరణ సమాచారం ఎంపికలో స్వల్ప వ్యత్యాసం చోటుచేసుకున్నట్లు గమనించడమైనది" అని రాశాడు. చదువుకుంటే, ఎవరు చేశారో ఎవరు గమనించారో అందులో ఎక్కడా లేదు. చెరిపేశాడు. ఇంకోలా రాయబోతే చేతులు ఆడలేదు. నిజం రాస్తే రేపటి నుంచి ఈ లెక్కలు ఎవరు నమ్ముతారు? అమ్మ ఆ గదిలో ఎలా తలెత్తుకుంటుంది? హైదరాబాదు వాళ్ళకి తెలిస్తే? కంప్యూటరు కట్టేశాడు. మేడమ్‌కి "ఇంకా పరిశీలిస్తున్నాను" అని మెసేజి పెట్టాడు. రెండు రోజులు వారమయ్యాయి.

ఆ వారం చివర్లో టీ కొట్టు దగ్గర మస్తానయ్య దొరకబుచ్చుకున్నాడు. ఎప్పుడూ నలుగురి మధ్యలో నిలబడే మనిషి, పక్కకి పిలిచి గొంతు తగ్గించి మాట్లాడాడు.

"అల్లుడా, నువ్వు పోయి చూసినావంట గదా. నిజం చెప్పు. నేను టైల్స్ మొహం చూసిన పాపాన పోలేదు, నాకు ఎవురూ ఇయ్యలేదు. అది దేవుడికి తెల్సు. కానీ నా పనిలో ఏమైనా తేడా వచ్చిందా? కొత్త ఇల్లు మొదలుపెట్టినాయన నిన్న నన్ను వద్దని వేరే మేస్త్రీని పెట్టుకున్నాడు. నీ కంప్యూటర్‌లో ఏం కనబడుతుంది?"

చెప్పడానికి అంతకంటే మంచి అదను రాదు. ఎవరూ లేరు. ఒక్క మాటతో అయిపోయేది. ఎబినేజర్ గ్లాసు అడుగున ఉన్న టీ వైపు చూస్తూ, "ఏమో మామా, స్లాబు మందం ఎక్కడైనా తగ్గిందేమో" అన్నాడు.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో అతనికే తెలియదు. అనకుండా ఉండగలిగేవాడు. అన్నాడు.

మస్తానయ్య మొహం వాడిపోయింది. "అయిదంగుళాలు పోసినా అల్లుడా. ప్లాన్‌లో ఎంతుందో అంతే." తర్వాత తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు. "స్లాబు రోజు నాకు జొరం. ఒక పూట ఇంటికి పోయి పడుకున్నా. ఆ పూట కుర్రోళ్ళేమైనా పల్చగా లాగినారేమో. ఎట్ల జరిగిందో ఏమో."

టీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

మర్నాడు పన్నెండు దాటాక పుష్పమ్మ ఫోను చేసింది. వెనక ఏదో ఠంగుఠంగున మోగుతోంది.

"రేయ్ నాయనా, మస్తాను స్లాబెక్కినాడు. సుత్తీ ఉలీ తీసుకుని అంచు పగలగొడతా ఉన్నాడు. ఈ ఎండకి పడిపోతాడని మేడమ్ దిగమంటే దిగట్లా. మందం చూపిస్తానంటాడు. నువ్వే అన్నావంట గదా. నిజంగా తగ్గిందా?"

ఎబినేజర్ ఫోను పెట్టేసి బండి తీశాడు. దారి పొడుగునా ఏం చెప్పాలో కూర్చుకుంటూ వచ్చాడు. కేంద్రం ముందు బండి ఆపేసరికి కూర్చుకున్నవన్నీ ఎగిరిపోయాయి. ఆడవాళ్ళంతా వేపచెట్టు నీడలోకి వచ్చి పైకి చూస్తున్నారు. కళ్యాణి మేడమ్ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది. స్లాబు అంచున మస్తానయ్య మోకాళ్ళ మీద ఉన్నాడు. నెత్తికి తువ్వాలు, చొక్కా వీపుకి అతుక్కుపోయింది. తన చేత్తో నున్నగా చేసిన అంచుని తనే జానెడు మేర పగలగొట్టి టేపు పెట్టి చూస్తున్నాడు.

ఎబినేజర్‌ని చూడగానే ఆయన మొహం వెలిగింది.

"అల్లుడా! ఇదిగో చూడు. అయిదు ఉంది! అయిదుకి పైనే ఉంది! ఆ మూల కూడా కొట్టి చూసినా. కుర్రోళ్ళు సరిగ్గానే పోసినారు. వాళ్ళని ఊరికే అనుమానపడినా!"

"దిగు మామా," అన్నాడు ఎబినేజర్.

"ఇంకో మూల..."

"దిగు మామా. తప్పు నీది కాదు. నాది."

మస్తానయ్య సుత్తి పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. ఎబినేజర్ మేడమ్ వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు. మామూలు ఏడాది అన్నాడు, ఫైలు అన్నాడు, దగ్గరి స్టేషన్ అన్నాడు. మేడమ్ కనుబొమలు ముడిచింది. ఆడవాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అప్పుడు ఆగి, కాళ్ళ దగ్గరున్న మన్ను చూస్తూ, మళ్ళీ మొదలుపెట్టాడు.

"ఇక్కడి ఎండ పెట్టాల్సిన చోట ఒంగోలు ఎండ పెట్టినా. అక్కడ సముద్రపు గాలి ఉంటది. ఇక్కడ ఉండదు. ఆ గాలి వస్తదని లెక్కేసి టైల్స్ వద్దని రాసింది నేనే. మస్తాన్ మామ అమ్ముకోలేదు. అసలు రాలేదు అవి."

వెంకటసుబ్బులమ్మే ముందు తేరుకుంది.

"అంటే నాయనా, ఒంగోలు ఆమె కొలతలు తీసుకుని నాకు రవిక కుట్టినావా?"

"అవునక్కా."

ముందు ఒకరు కిసుక్కుమన్నారు, తర్వాత అందరూ. ఈసారి నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. పుష్పమ్మ నవ్వలేదు. ఆమె నీడలోకి రాలేదని అప్పుడు చూశాడు. లోపల తూర్పు కిటికీ పక్కన కూర్చుని గుండీ కుడుతోంది. కిటికీ తెరిచే ఉంది కాబట్టి అంతా వినబడే ఉంటుంది. తలెత్తలేదు.

మస్తానయ్య నిచ్చెన దిగాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుని, ఎవరో ఇచ్చిన చెంబెడు నీళ్ళు గటగటా తాగి, ఎబినేజర్‌కి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. కొడతాడేమో అనుకున్నారు. కొట్టినా బాగుండునని ఎబినేజర్ అనుకున్నాడు.

"నిన్న టీ కొట్టు కాడ ఇది నీకు తెల్సా?"

లేదు అంటే సరిపోయేది. ఇప్పుడే కనుక్కున్నానంటే అందరూ నమ్మేవాళ్ళు.

"తెల్సు మామా."

మస్తానయ్య సుత్తీ ఉలీ సంచిలో వేసుకున్నాడు. పగిలిన సిమెంటు పెళ్ళలు కింద దారికి అడ్డంగా పడి ఉంటే, ఒక్కొక్కటే ఏరి గోడ వారగా పెట్టాడు. సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం తల్లి బండి వెనక కూర్చుంది. పల్లె మలుపు దగ్గర, గాలికి సగం వినబడేట్టుగా అంది.

"కిటికీలు తెరిచిపెట్టమని నేనే అందర్నీ తిట్టినా నాయనా."

ఇంటికెళ్ళి ఆమె చెమటకాయలకి పౌడరు రాసుకుంది. అతను డబ్బా అందించబోతే, "నేను రాసుకుంటాలే" అంది.

తర్వాత జరిగినవి చకచకా జరిగాయి. ఎబినేజర్ కర్నూలు లెక్కతో కొత్త రిపోర్టు ఇచ్చాడు. ఈసారి ఒక మాట అదనంగా చేర్చాడు: ఇవి మామూలు ఏడాదికి వేసిన లెక్కలు, ఇక్కడ మామూలు కాని ఏళ్ళే ఎక్కువ, అందుకని ఇంకొంచెం జాగ్రత్తగా కట్టండి. ట్రస్టువాళ్ళు స్లాబు మీద పొర వేయించి తెల్ల టైల్స్ పరిచారు. తూర్పు కిటికీల రెక్కలు మధ్యాహ్నం పూట మూసి ఉంచమన్నారు. పడమటి వైపు పందిరి వేశారు. మరుసటి ఏడాది ఎండలకి ఆడవాళ్ళు గదిలోనే కూర్చుని కుట్టారు. చల్లగా ఉందని ఎవరూ అనలేదు. ఉండగలుగుతున్నామన్నారు.

గిద్దలూరు హాస్టలు కట్టుబడి మస్తానయ్యకే ఇచ్చారు. దాని లెక్కలు మాత్రం హైదరాబాదు నుంచి వేరేవాళ్ళు చేశారు. కళ్యాణి మేడమ్ మస్తానయ్యకి క్షమాపణ చెప్పిందో లేదో తెలియదు. కేంద్రంలో ఆడవాళ్ళు మాత్రం పగలగొట్టిన అంచు మళ్ళీ అతికించడానికి ఆయన వచ్చిన రోజున, "మేస్త్రీ మామా, మజ్జిగ తాగిపో" అని పిలిచి కూర్చోబెట్టారు.

ఎబినేజర్‌కి పేరు పడింది. యర్రగొండపాలెం దారిలో ఏ పల్లెలో అడిగినా "ఒంగోలు గాలి" అంటే ఇల్లు చూపిస్తారు. బస్సులో కండక్టరు కూడా పొదిలి వచ్చినప్పుడు అతని వైపు చూసి, "గాలి దిగేవాళ్ళెవరైనా ఉన్నారా?" అంటాడు. అతను నవ్వుతాడు. ఆ పేరు అతన్ని పెద్దగా బాధించదు. అది జరిగిన తప్పుకి పడిన పేరు.

బాధించేది వేరే ఉంది. మస్తానయ్య ఇప్పటికీ పొద్దున్నే టీ కొట్టుకి వస్తాడు. ఎబినేజర్ మెట్లు దిగితే మొహం తిప్పుకోడు. పక్కకి జరిగి బెంచీ మీద చోటిస్తాడు. మొదటిసారి అలా చోటిచ్చినప్పుడు ఎబినేజర్ గుండె తేలికపడింది.

"సార్‌కి ఒక టీ ఇయ్యి," అన్నాడు మస్తానయ్య కొట్టాయనతో.

ఎవరో ఆఫీసరు వచ్చాడనుకుని ఎబినేజర్ వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు.

"మామా," అన్నాడు.

"చెప్పండి సార్."